ఘడియ ముందే రాసి ఉంటే జాగ్రత్త ఎందుకు?

‘ఆయన వక్త్ (సమయం) అంతే’ అనే మాట ముస్లిం ఇళ్లలో చావు కబురు వెనకే వినిపిస్తుంది. పరామర్శకు వచ్చినవాళ్లు అంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ హెల్మెట్ పెట్టుకోకుండా బండి తీసే కుర్రాడూ ఇదే అంటాడు, మందులు మానేసిన షుగర్ రోగీ ఇదే అంటాడు. ప్రమాదం చేసిన లారీ ఓనర్ తరఫున రాజీ కుదర్చడానికి వచ్చిన పెద్దమనిషి కూడా సరిగ్గా ఇదే అంటాడు. పరామర్శలో పలికింది ఇస్లామీయ విశ్వాసం. మిగతా ముగ్గురూ ఆ విశ్వాసాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు. రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ధర్మశాస్త్రం మొదటి తరంలోనే తేల్చేసింది.

విశ్వాసం విషయంలో సందిగ్ధం ఏమీ లేదు. ప్రతి ప్రాణికీ ఒక ‘అజల్’, అంటే నిర్ణీత గడువు ఉంది. అల్లాహ్ అనుమతి లేకుండా, రాసి ఉన్న గడువు రాకుండా ఏ ప్రాణమూ పోదని ఖుర్ఆన్ చెబుతుంది (3:145). ఆ గడువు వచ్చాక ఘడియ వెనక్కీ జరగదు, ముందుకూ జరగదు (7:34). బలమైన బురుజుల్లో దాక్కున్నా మరణం వచ్చి పట్టుకుంటుంది (4:78). తల్లి గర్భంలోని పిండానికి దైవదూత నాలుగు సంగతులు రాస్తాడని ‘బుఖారీ’, ‘ముస్లిం’ అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతల నివేదికలు) గ్రంథాలు రెండూ నమోదు చేశాయి. అవి ఉపాధి, ఆయుష్షు, కర్మలు, చివరికి అదృష్టవంతుడా దౌర్భాగ్యుడా అన్నది. అంతకంటే ముందే, భూమ్యాకాశాల సృష్టికి 50,000 సంవత్సరాల క్రితమే సృష్టి విధి అంతా లిఖితమైందని ముస్లిం గ్రంథంలోని మరో హదీసు.

ఇంత గట్టిగా చెప్పిన ఖుర్ఆనే ఇంకో మాట కూడా చెప్పింది. ఏ మనిషి ఏ నేల మీద చనిపోతాడో ఆ మనిషికి తెలియదు (31:34). గడువు ఖాయమే గానీ అది ఎప్పుడో ఎవరి చేతికీ ఇవ్వలేదు. తెలియని తేదీని లెక్కలో పెట్టుకుని నిర్ణయం తీసుకోవడం కుదరదు కాబట్టి, మనిషి నడవవలసింది కనిపించే కారణాలను బట్టే. తఖ్దీర్, అంటే దైవవిధి గురించి తర్వాతి పండితులు చేసిన చర్చంతా దాదాపు ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

దీనికి తొలి పరీక్ష ఒక మహమ్మారి రూపంలో వచ్చింది. హిజ్రీ 18 ప్రాంతంలో, అంటే క్రీ.శ. 639కి అటూ ఇటూగా, ఖలీఫా ఉమర్ (ర) సిరియా ప్రాంతానికి బయల్దేరారు. దారిలో సర్గ్ అనే చోట సేనాధిపతులు ఎదురొచ్చి, అక్కడ ప్లేగు వ్యాపించిందని చెప్పారు. అదే పాలస్తీనాలోని అమ్వాస్ పేరుతో చరిత్రకెక్కిన ప్లేగు. ఉమర్ ముందు తొలి ముహాజిర్లను (మక్కా నుంచి వలస వచ్చినవాళ్లను) పిలిచి అడిగారు. వాళ్లలో ఏకాభిప్రాయం రాలేదు. అన్సార్లను (మదీనా స్థానికులను) అడిగారు. వాళ్లూ రెండుగా చీలారు. చివరికి మక్కా తెగ అయిన ఖురైష్ పెద్దలను అడిగితే అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు: జనాన్ని ఆ వ్యాధిలోకి తీసుకెళ్లొద్దు, వెనక్కి మళ్లండి. తెల్లవారి తిరుగు ప్రయాణమని ఉమర్ ప్రకటించారు.

అప్పుడు సేనాధిపతి అబూ ఉబైదా (ర) నేరుగా అడిగేశారు, ‘అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా?’ అని. ‘ఈ మాట మీరు కాక ఇంకెవరైనా అని ఉంటే బాగుండేది’ అని నొచ్చుకుంటూనే ఉమర్ జవాబిచ్చారు. ‘అవును, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధిలోకే వెళ్తున్నాం. మీ ఒంటెలు ఒక లోయలో దిగాయనుకోండి. ఒక గట్టు పచ్చిక, ఇంకో గట్టు బీడు. పచ్చిక మీద మేపినా అల్లాహ్ విధితోనే మేపుతారు, బీడు మీద మేపినా అల్లాహ్ విధితోనే కదా?’ ఈ చర్చ నడిచినప్పుడు అక్కడ లేని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) తర్వాత వచ్చి, ప్రవక్త (స) నుంచి తాను విన్నది చెప్పారు: ఒక ప్రాంతంలో ప్లేగు ఉందని వింటే అక్కడికి వెళ్లొద్దు, మీరున్న చోటే వస్తే దాన్నుంచి పారిపోతూ బయటికి రావద్దు. ఉమర్ అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు.

ఈ ఘటనలో సాధారణంగా చెప్పకుండా వదిలేసే భాగం ఒకటుంది. అబూ ఉబైదా తన సైన్యంతోనే ఉండిపోయారు, ఆ ప్లేగులోనే కన్నుమూశారు. ఆయన తర్వాత పగ్గాలు తీసుకున్న ముఆజ్ బిన్ జబల్ (ర) కూడా అందులోనే పోయారు. దీన్ని పట్టుకుని అబూ ఉబైదాది విధివాదం, ఉమర్‌ది హేతువాదం అని తేల్చేసేవాళ్లున్నారు. అది తప్పుడు లెక్క. బయట ఉన్నవాడు లోపలికి వెళ్లలేదు, లోపల ఉన్నవాడు బయటికి రాలేదు. అంటే ఇద్దరూ ఒకే హదీసులోని రెండు సగాలను పాటించారు. లోపలివాళ్లు ఎందుకు రాకూడదన్నదానికి ఇమామ్ గజాలీ చెప్పిన కారణం ఈనాటి ఆస్పత్రి వార్డుకూ వర్తిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లంతా వెళ్లిపోతే నీళ్లు తాగించే దిక్కు కూడా లేక రోగులు చనిపోతారు.

విధి పేరుతో బాధ్యత దులుపుకోవడం కొత్త జబ్బేమీ కాదు. ‘అల్లాహ్ తలుచుకుని ఉంటే మేం బహుదైవారాధన చేసేవాళ్లమే కాదు’ అన్న మక్కా అవిశ్వాసుల వాదనను ఖుర్ఆన్ ఎత్తిచూపి మరీ కొట్టేసింది (6:148). ఉమయ్యా పాలకుల కాలంలో ఇది రాజకీయమైంది. తమ అధికారం, తమ చేతుల మీదుగా జరిగినవీ దైవనిర్ణయమేనని జనం అనుకుంటే పాలకులకు అంతకంటే కావలసిందేముంది? మనిషి చేతలకు మనిషే కర్త అని బస్రాలో వాదించిన మఅబద్ జుహనీ, ఆ తర్వాత డమాస్కస్‌కు చెందిన గైలాన్ ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ల సిద్ధాంతాన్ని సున్నీ సంప్రదాయం ఒప్పుకోలేదు. అయితే మనిషి చేతిలో ఏమీ లేదన్న జబరియా వాదాన్ని కూడా అంతే గట్టిగా తోసిపుచ్చింది.

అసలు చిక్కు హత్య దగ్గర వస్తుంది. గడువు తీరే చనిపోయాడంటే హంతకుడి నేరమేమిటి? పన్నెండో శతాబ్దపు మధ్య ఆసియా పండితుడు నసఫీ తన విశ్వాస సూత్రాల్లో దీనికి ఒక్క వాక్యంలో సమాధానం చెప్పాడు: చంపబడినవాడు తన అజల్‌తోనే చనిపోయాడు, అజల్ ఒక్కటే. దీనిపై తఫ్తాజానీ రాసిన వ్యాఖ్యానం మన దేశంలోని దర్సె నిజామీ (సంప్రదాయ పాఠ్యక్రమం) మదరసాల్లో తరతరాలుగా పాఠ్యం. తర్కానికి పెద్దపీట వేసిన ముఅతజిలీ శిబిరంలోని కఅబీ మాత్రం రెండు గడువులు ఉంటాయన్నాడు, ఒకటి హత్యది, ఇంకొకటి సహజ మరణానిది. చంపకపోతే రెండోదాకా బతికేవాడట. అదే శిబిరానికి చెందిన అబుల్ హుజైల్ దీనికి పూర్తిగా ఎదురు తిరిగి, చంపకపోయినా సరిగ్గా ఆ క్షణానే పోయేవాడన్నాడు.

సున్నీ పండితులు ఈ ‘చంపకపోతే’ అన్న ప్రశ్నలోకే దిగలేదు. ఏమయ్యేదో మనకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. హంతకుడిని శిక్షించేది అతను అజల్‌ను మార్చాడని కాదు. చేయొద్దన్న పని చేశాడు కాబట్టి, ఏ పని వెనక మరణం వస్తుందో ఆ పనిని తన ఇష్టంతో ఎంచుకున్నాడు కాబట్టి. హతుడి లెక్క అల్లాహ్ జ్ఞానంలో ఉంటుంది, హంతకుడి లెక్క అతని చేతల్లో ఉంటుంది. పొరపాటున ప్రాణం తీసినవాడికి కూడా ఖుర్ఆన్ రెండు బాధ్యతలు పెట్టింది (4:92). మృతుడి కుటుంబానికి దియత్, అంటే రక్తపరిహారం ఇవ్వాలి. ఆ కాలంలో దాని కొలత 100 ఒంటెలు. ప్రాయశ్చిత్తంగా ఒక బానిసను విడిపించాలి, ఆ వీలు లేకపోతే రెండు నెలలు తెంపు లేకుండా ఉపవాసం ఉండాలి. ఉద్దేశం లేకుండా జరిగినదానికే ఇంత ఉంది. ‘వాడి టైమ్ వచ్చింది, నాదేముంది’ అన్న వాదన ఇక్కడ ఎక్కడా చెల్లదు.

ఆదమ్, మూసా ప్రవక్తల సంవాదం గురించిన ప్రసిద్ధ హదీసును వివరిస్తూ పండితులు ఈ సంగతినే సూత్రంగా చెప్పారు. మీద పడిన ఆపదకు తఖ్దీర్‌ను చెప్పుకోవచ్చు, చేసిన తప్పుకు చెప్పుకోకూడదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ‘రాసి ఉంది’ అనుకోవచ్చు. బ్రేకులు చూసుకోని డ్రైవర్ అదే మాట అనడానికి వీల్లేదు.

ఓదార్పుగా ఈ విశ్వాసం ఎలా పనిచేస్తుందో ప్రవక్త ఇంటి ఘటనే చూపిస్తుంది. ఆయన కుమార్తె ఒకరు, బిడ్డ చివరి ఘడియల్లో ఉన్నాడు రమ్మని కబురు పెట్టారు. తీసుకున్నదీ అల్లాహ్‌దే, ఇచ్చిందీ అల్లాహ్‌దే, ఆయన దగ్గర ప్రతిదానికీ నిర్ణీత గడువు ఉంది, సహనం వహించు అని ఆయన తిరిగి కబురు పంపారు. రావలసిందేనని ఆమె పట్టుబడితే వెళ్లారు. ఎగశ్వాసతో ఉన్న పసివాణ్ని చేతుల్లోకి తీసుకోగానే ఆయన కళ్లు వర్షించాయి. ఇదేమిటని సఅద్ బిన్ ఉబాదా (ర) అడిగితే, ఇది అల్లాహ్ మనసుల్లో పెట్టిన కరుణ అన్నారు. చావు ఇంట్లో ఏడ్చేవాళ్లను ‘తఖ్దీర్ మీద నమ్మకం లేదా’ అని గద్దించే పెద్దలు ఈ హదీసు ఒకసారి చదువుకుంటే మంచిది. జరిగిపోయినదాని మీద ‘అలా చేసి ఉంటేనా’ అని తనను తాను తినేయొద్దని ముస్లిం గ్రంథంలో ఉంది. ఆ హదీసులో దానికి ముందున్న భాగమే, నీకు మేలు చేసేదాని కోసం పట్టుదలగా ప్రయత్నించు, చేతగానివాడిలా కూర్చోకు అని. ఆ భాగాన్ని మాత్రం ఎవరూ గుర్తు చేయరు.

ఇక ఆయుష్షు పెరుగుతుందా? ఉపాధి, ఆయుష్షు పెరగాలంటే బంధుత్వాలు నిలుపుకోమని బుఖారీ, ముస్లిం హదీసు. మరోవైపు ప్రవక్త సతీమణి ఉమ్మె హబీబా (ర) తన భర్త, తండ్రి, సోదరుడు తనకు చాలాకాలం ఉండాలని దుఆ (ప్రార్థన) చేస్తే, నిర్ణయమైపోయిన గడువుల గురించి అడిగావు, నరకం నుంచి, సమాధి శిక్ష నుంచి రక్షణ అడిగి ఉంటే మేలు కదా అన్నారు ప్రవక్త. పైకి ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే ఈ రెండు హదీసుల మధ్య పండితులు వేసిన వంతెన ‘తఖ్దీరె ముబ్రమ్’, ‘తఖ్దీరె ముఅల్లఖ్’ అన్న విభజన. మొదటిది మార్పులేనిది, రెండోది షరతుతో కూడినది. ఇతను బంధువులను కలుపుకుంటే ఇన్నేళ్లు, లేకపోతే ఇన్నేళ్లు అని దూతల పత్రాల్లో ఉంటుంది. ఏది జరగబోతుందో అల్లాహ్‌కు ముందే తెలుసు, ఆ జ్ఞానం మారదు. అల్లాహ్ తలచినదాన్ని చెరిపేస్తాడు, తలచినదాన్ని నిలుపుతాడు, మూలగ్రంథం మాత్రం ఆయన దగ్గరే ఉంది అన్న వాక్యమే (13:39) దీనికి ఆధారం. కొందరు పండితులు పెరిగేది ఏళ్ల సంఖ్య కాదు, ఉన్న ఏళ్లలోని బర్కత్ (శుభం) అని సరిపెట్టారు. నాకు మొదటి వివరణే హదీసు మాటలకు దగ్గరగా అనిపిస్తుంది.

ఈ పత్రాల సంగతే షబె బరాత్‌తో ముడిపడింది. షాబాన్ నెల పదిహేనో రాత్రి రాబోయే ఏడాదిలో పోయేవాళ్ల జాబితా దూతలకు అందుతుందని మన ప్రాంతంలో గట్టి నమ్మకం. మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) తర్వాత ఖుర్ఆన్‌లోని యాసీన్ సూరా (అధ్యాయం) మూడుసార్లు చదువుతారు. ఒకటి దీర్ఘాయుష్షుకు, ఒకటి ఆపదల నుంచి రక్షణకు, మూడోది ఎవరి ముందూ చేయి చాచే అవసరం రాకుండా. ఖుర్ఆన్ 44వ సూరాలో వ్యవహారాలు నిర్ణయమయ్యే రాత్రి ప్రస్తావన ఉంది, తొలి తరాల వ్యాఖ్యాత ఇక్రిమా వంటి కొందరు దాన్ని షాబాన్ రాత్రిగా అర్థం చేసుకున్నారు. అత్యధిక వ్యాఖ్యాతలు మాత్రం అది రంజాన్‌లోని లైలతుల్ ఖద్ర్ అని తేల్చారు. ఈ తగువు ఎలా తెగినా హైదరాబాద్‌లో కనిపించే వైచిత్రి ఒకటుంది. ఆయుష్షు రాసే రాత్రి అని నమ్మే రాత్రే కుర్రాళ్లు బైకుల మీద విన్యాసాలకు దిగుతారు, ట్రాఫిక్ పోలీసులు ముందుజాగ్రత్తగా ఫ్లైఓవర్లు మూసేస్తారు.

వైద్యం విషయంలో ధర్మశాస్త్రం ఇంకా నిర్దిష్టంగా మాట్లాడింది. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ధర్మశాస్త్ర గ్రంథం ఫతావా ఆలంగీరీ, హాని తొలగించే కారణాలను మూడు తరగతులు చేసింది. దాహానికి నీళ్లు, ఆకలికి రొట్టె లాంటివి ఖాయమైనవి. వాటిని మానడం తవక్కుల్ (అల్లాహ్ మీద భరోసా) కాదు, ప్రాణభయం ఉన్నప్పుడు మానితే హరామ్ (నిషిద్ధం). మందులు, రక్తం తీయించడం లాంటివి ఫలిస్తాయని బలంగా అనుకోదగినవి. వాటిని వాడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, మానినా పాపం కాదు. వాతలు, మంత్రించడం లాంటివి ఊహామాత్రమైనవి. చికిత్స మానేసి చనిపోయినవాడు పాపి కాడని పాత హనఫీ (సున్నీ ధర్మశాస్త్ర మార్గాల్లో ఒకటి) గ్రంథాల్లో ఉన్న మాటను ఇవాళ కొందరు పట్టుకుంటారు. అది నాటి వైద్యం తీరును బట్టి చెప్పిన మాట. రక్తస్రావం ఆపడం, ఇన్సులిన్, యాంటీబయాటిక్స్ వంటివి ఇప్పుడు మొదటి తరగతికి చేరువలో ఉన్నాయి. 1992లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ తీర్మానం కూడా ఇదే దారిలో సాగింది. చికిత్స మానితే ప్రాణం లేదా అవయవం పోయే పరిస్థితి, వైకల్యం వచ్చే పరిస్థితి, అంటువ్యాధిలా ఇతరులకు హాని పాకే పరిస్థితి ఉంటే చికిత్స తప్పనిసరి అంది.

పల్లెలో పాముకాటు దగ్గర ఈ తరగతులు కళ్లముందు కనిపిస్తాయి. విషం ఎక్కిన లక్షణాలుంటే ఆస్పత్రిలో సాధారణంగా 8 నుంచి 10 వయల్స్ యాంటీవెనమ్‌తో మొదలుపెడతారు. ఆలస్యమయ్యేకొద్దీ కిడ్నీలు, ఊపిరి దెబ్బతింటాయి. ముందు మంత్రించేవాడి దగ్గరకో దర్గాకో తీసుకెళ్తే మూడో తరగతి కోసం మొదటి తరగతిని వదిలేసినట్టు. విషపు పురుగు కుట్టిన ఒక తెగ నాయకుడికి సహచరులు ఫాతిహా సూరా చదివితే నయమైందన్న హదీసును ఇక్కడ ఎదురు చూపిస్తారు. అది ప్రామాణికమే. కానీ అక్కడ చేతికందిన ఖాయమైన మందును పక్కన పెట్టి చదవలేదు. అంబులెన్స్‌లో కూర్చుని ఫాతిహా చదవడాన్ని ఎవరూ కాదనరు.

చివరి ఘడియ తెలియదన్న సంగతిని ఆస్తి చట్టం కూడా లెక్కలోకి తీసుకుంది. వీలునామా రాయవలసిన ఆస్తి ఉన్నవాడు అది రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపకూడదని హదీసు. రాసేదానికి పరిమితులున్నాయి. అంత్యక్రియల ఖర్చు, ఆపైన అప్పులు (భార్యకు ఇవ్వని మహర్, అంటే పెళ్లి కానుక కూడా అప్పే), ఆ తర్వాత మిగిలినదాంట్లో మూడో వంతు దాకా వసీయత్ (వీలునామా), చివరికి వారసత్వం. ఎలాగూ వాటా వచ్చే వారసుడికి వసీయత్ రాస్తే మిగతావాళ్లు ఒప్పుకుంటే తప్ప చెల్లదు.

మరణవ్యాధిని ‘మర్జుల్ మౌత్’ అంటారు. చావే ఎక్కువ సంభావ్యమైన జబ్బులో పడి, అందులోనే పోయినవాడు ఆ దశలో ఇచ్చిన దానాలను వసీయత్‌గానే లెక్కగడతారు, మూడో వంతు దాటితే చెల్లవు. ఏళ్ల తరబడి సాగే జబ్బు మాటేమిటి? ఒట్టోమాన్ పౌరస్మృతి మజల్లా ఏడాది గడువు పెట్టింది. ఏడాదికి మించి ఒకే తీరున సాగుతుంటే అది మరణవ్యాధి కాదు. జబ్బు మంచాన పడి భార్యకు తలాక్ చెప్పి వారసత్వం నుంచి తప్పించాలని చూసినా కుదరదు. సర్గ్‌లో ప్లేగు హదీసు చెప్పిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ తన జబ్బులో భార్య తుమాదిర్‌కు తలాక్ ఇచ్చారు. ఇద్దత్ (విడాకులు లేదా భర్త మరణం తర్వాత భార్య ఆగే గడువు) ముగిశాక ఆయన పోయినా, ఖలీఫా ఉస్మాన్ (ర) ఆమెకు వాటా ఇప్పించారు. హనఫీలు మాత్రం భర్త ఇద్దత్ లోపల పోతేనే భార్యకు వాటా అన్నారు.

మనిషి జాడే తెలియకపోతే? అతని ఈడువాళ్లంతా పోయేదాకా భార్య ఎదురుచూడాలన్న పాత హనఫీ నియమం ఆడవాళ్లను ఏళ్లకేళ్లు ఉరితాడు మీద నిలబెట్టింది. మన దేశపు ఉలమాలు (ధర్మపండితులు) మరో సున్నీ మార్గమైన మాలికీ నుంచి నాలుగేళ్ల గడువును తీసుకోవడం, అది 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలోకి రావడం మంచి మార్పు. అజల్ అల్లాహ్‌కు తెలుసు, నిజమే. ఆమె బతుకు మాత్రం కేలెండర్ మీద నడవాలి కదా.

వెంటిలేటర్ దగ్గర కుటుంబాలు పడే నలుగుబాటు ఇప్పటిది. మిషన్ తీసేస్తే మనమే చంపినట్టా? 1986లో అమ్మాన్‌లో ఫిఖ్ అకాడమీ చెప్పిందేమిటంటే, గుండె, శ్వాస తిరిగి రానట్టుగా ఆగిపోయినా, మెదడు పనులన్నీ పూర్తిగా నిలిచిపోయి ఇక కోలుకోదని నిపుణులు నిర్ధారించినా మనిషి చనిపోయినట్టే, పరికరాలు తీసేయవచ్చు. మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ మండలి మరుసటి ఏడాది కాస్త తేడాగా, పరికరాలు తీయవచ్చు గానీ గుండె, శ్వాస ఆగాకే మరణమని లెక్కించాలంది. వారసత్వం, ఇద్దత్ ఏ క్షణం నుంచి మొదలవుతాయన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. కాబట్టి కుటుంబం డాక్టర్‌ను అడగవలసిన ప్రశ్న ‘ఆశ ఉందా’ అన్నది కాదు. బ్రెయిన్ డెత్ పరీక్షలు చేశారా, నిర్ధారించి రాతలో ఇచ్చారా అని అడగాలి. కోమాలో ఉండి మెదడు పనిచేస్తున్నవాడికి ఈ తీర్మానం వర్తించదు.

వైద్యంలో తప్పు జరిగినప్పుడు కూడా అజల్ అడ్డుగోడ కాదు. వైద్యం తెలుసని పేరు లేకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి పూచీదారు అన్న హదీసును అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా నమోదు చేశారు. ఫిఖ్ దాన్ని విడమరచింది. నైపుణ్యం ఉండి, రోగి అనుమతితో, ఆ విద్య పద్ధతి దాటకుండా చేసినవాడి చేతిలో రోగి పోయినా పూచీ లేదు. పద్ధతి తప్పితే ఉంది. డ్రిప్ పెట్టి పంపిన తెలిసీ తెలియని వైద్యుడి దగ్గరైనా, పెద్ద ఆస్పత్రిలోనైనా అడగవలసింది ఇదే.

క్షమించే హక్కు వారసులకు ఉంది, ఖుర్ఆన్ దాన్ని ప్రోత్సహిస్తుంది కూడా. కానీ రాజీకి కూర్చున్న పెద్దలు మరచిపోయే నియమం ఒకటుంది. పరిహారం వారసులందరి ఆస్తి. ఎవరి వాటా వాళ్లే వదులుకోవాలి. మృతుడికి మైనర్ పిల్లలుంటే వాళ్ల వాటాను చిన్నాన్న గానీ, తాత గానీ, మసీదు కమిటీ గానీ ఊరికే వదిలేయడానికి హనఫీ ఫిఖ్‌లో వీల్లేదు. ‘తఖ్దీర్’ అని సంతకం పెట్టించినా ఆ పిల్లల వాటా అలాగే నిలిచి ఉంటుంది.